ముప్పై ఏడో బిట్

గొడవ సోమవారం పొద్దున్న ఏడు గంటల పది నిమిషాలకు మొదలైంది. అమీర్‌పేటలో నేను చరిత్ర చెప్పే కోచింగ్ సెంటర్‌లో, శనివారం పెట్టిన గ్రాండ్ టెస్ట్ జవాబుల కీ క్లాసు గోడకు అంటించారు.

ముప్పై ఏడో బిట్: ప్రపంచ చరిత్రలో అత్యంత ప్రజాదరణ పొందిన నాయకుడెవరు? మొదటి మూడు ఆప్షన్లూ పోయినవాళ్లు. కళింగను గెలిచిన చక్రవర్తి, ఉప్పు కోసం నడిచిన పెద్దాయన, యూరప్‌ను వణికించిన ఫ్రెంచి సేనాని. నాలుగోది ఇప్పుడు గద్దె మీదున్న మన నాయకుడు. కీలో నాలుగు అని ఉంది.

బిట్ తయారుచేసింది మా డైరెక్టరే. కోస్తా నుంచి వచ్చినవాడు, మాట మెత్తన.

"ఎవరిని అడిగి తేల్చారు?" అన్నాను.

"విదేశాల్లో సర్వే చేశారండి. ఫోన్లో వచ్చింది."

"మిగతా ముగ్గురి గురించి ఎవరిని అడిగారు?"

"వాళ్ల కాలంలో సర్వే చేయించుకోకపోవడం వాళ్ల తప్పండి."

"పోయినవాళ్లకు ఓటుండదుగా."

"మా ఊళ్లో ఉంటుందండి."

క్లాసులో అందరూ నవ్వారు. ముందు బెంచీలో అమ్మాయి నవ్వలేదు. నల్లగొండ పిల్ల. పంజాగుట్టలో చీరల షాపులో పనిచేస్తూ చదువుతోంది. మొదటి పదిమందికి హాస్టల్‌లో ఉచితంగా బెడ్ ఇస్తారు. ఈమె ఒక్క మార్కు తేడాతో పదకొండో స్థానంలో ఆగింది. ముప్పై ఏడు ఖాళీగా వదిలేసింది. చక్రవర్తి గొప్పతనం ఆయన చెక్కించుకున్న రాళ్లే చెబుతాయి, జనాన్ని అడిగినవాళ్లు లేరు, కొలత ఒకటి కానప్పుడు పోలిక లేదు, జవాబు లేని బిట్ వదిలెయ్యండి అని క్లాసులో చెప్పింది నేనే.

డైరెక్టర్ ఆమె ఓఎంఆర్ షీటు పైకెత్తి చూపించాడు. "ప్రపంచం మొత్తానికి తెలిసిన మనిషి ఈమెకు తెల్వదంట. గ్రూప్స్ రాస్తదంట." ఆమె యాసలోనే అన్నాడు.

బిట్ తీసెయ్యమన్నాను. ఆయన చాక్‌పీసు నా చేతిలో పెట్టాడు. "నాలుగే కరెక్టని బోర్డు మీద రాయండి మేడమ్ గారూ. ఆ పిల్ల మార్కు సంగతి అప్పుడు చూద్దాం."

నేను కదల్లేదు. అమ్మాయి లేచి నా దగ్గరికొచ్చింది.

"రాయుండ్రి మేడం. మీకేం బోతది? బెడ్ రాకుంటే నేను ఊరికి పోవుడే."

రాశాను. నలభై ఏళ్లుగా పిల్లల పేపర్లలో కొట్టేస్తూ వచ్చిన బాపతు వాక్యం, నా చేత్తో, పెద్దక్షరాల్లో.

డైరెక్టర్ చదివి తలూపాడు. "చూశారా, చరిత్ర మేడమ్ గారే ఒప్పుకున్నారు. కీ కరెక్టు. మరి ఖాళీగా వదిలినదానికి మార్కెందుకండీ?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. అమ్మాయి నా వైపు చూడకుండా సంచీ తీసుకుని మెట్లు దిగింది. బోర్డు తుడుద్దామంటే డస్టర్ ఆయన చేతిలో ఉంది.

పోయినవి: ఆమెకు ఒక మార్కు, ఒక బెడ్, ఈ ఏటి పరీక్ష. నాకు ఆ పొద్దుటి క్లాసు ఒకటి.