అనసూయ మేడం పెట్టిన వయసు నియమం

పోయిన నెల మా అక్క కూతురు నన్ను ఫిల్మ్ నగర్‌లో గోళ్ళకు రంగులు వేసే ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. రంగు ఆరడానికి వేళ్ళను ఒక చిన్న పెట్టెలో పెట్టమన్నారు. లోపల ఊదారంగు వెలుగు వచ్చింది. కాసేపటికి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, దానితోపాటు వాన ముందు మెరిసినప్పుడు గాలిలో వచ్చే ఘాటులాంటిది ముక్కుకు తగిలింది. ఆ వాసన నాకు కొత్తది కాదు. తొంభైల మధ్యలో, అక్కడికి కాస్త దూరంలోనే, ఏడాదికి పైగా రోజూ పీల్చాను. అప్పుడు నా పైఅధికారి అనసూయ మేడం.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కొత్తగా పెట్టిన ఒక హెల్త్ క్లబ్బులో ఆడవాళ్ళ విభాగానికి ఆవిడ మేనేజరు. నేను డిగ్రీ ముగించి, వెంగళరావు నగర్ నుంచి బస్సులో వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చునేదాన్ని. మా నాన్న తెనాలి నుంచి ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చినవాడు. మేడం ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. సర్కారు ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకున్నారు. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. నూలు చీర, కాన్వాసు బూట్లు. సినిమావాళ్ళ భార్యలు వచ్చినా, బ్యాంకు ఉద్యోగిని వచ్చినా ఒకే గొంతుతో "నడుము నిటారు పెట్టు బిడ్డా" అనేవారు. మొదటి వారం ఆవిడంటే నాకు భయం. రెండో వారం నుంచి ఆవిడ డబ్బాలోని సర్వపిండి నాకూ ఒక ముక్క వచ్చేది.

ఒకరోజు క్లబ్బు యజమాని ప్రసాద్ గారు విదేశం నుంచి ఒక యంత్రం తెప్పించారు. మనిషి పొడవున్న పెట్టె. కింద ఊదారంగు వెలుగిచ్చే ట్యూబులు, మూతకూ ట్యూబులు. ఎండ సరిగా రాని దేశాల్లో జనం అందులో పడుకుని ఒంటికి గోధుమరంగు తెచ్చుకుంటారట. మేడం దాని చుట్టూ తిరిగి చూసి, "ఇదేంది సార్, మనిషిని అట్టు లెక్క రెండు దిక్కుల కాలుస్తదా?" అన్నారు. అందరం నవ్వాం. తెల్లబడే క్రీములకు ఎగబడే ఊళ్ళో నల్లబడడానికి ఎవరొస్తారనుకున్నాం. కానీ వచ్చారు. బొంబాయి నుంచి దిగిన మోడళ్ళు వచ్చారు. కండలు చూపించే పోటీలకు వెళ్ళే కుర్రాళ్ళకు మగవాళ్ళ వేళలు వేరే పెట్టాల్సి వచ్చింది.

నవ్వనిది మేడం ఒక్కరే అని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ చెల్లెలికి చిన్నప్పుడు బొల్లి మచ్చలు వచ్చాయి. పెద్ద దవాఖానలో మందు రాసి, ఇలాంటి వెలుతురు కిందే కూర్చోబెట్టేవారు. ఒకసారి అక్కడి మనిషి దీపం వేసి టీకి వెళ్ళి ఆలస్యం చేశాడు. పిల్ల వీపంతా బొబ్బలెక్కింది. "పుండు మానింది గానీ, గా తర్వాత అది ఎండల నిలబడాలన్నా వణికేది," అన్నారు మేడం.

యంత్రం వచ్చిన వారంలోనే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని, చెల్లెలికి వైద్యం చేసిన చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన బాగా ముసలివారయ్యారు. మాటలు మాత్రం సూటిగా ఉన్నాయి.

"మేము జబ్బుకు వాడాం. పక్కన నిలబడి, కొలిచి వాడాం. మీరు సోకుకు వాడుతున్నారు," అన్నారాయన. "తెల్లతోలు వాళ్ళకు దీనివల్ల చర్మం క్యాన్సర్ వస్తోందని పుస్తకాల్లో రాస్తున్నారు. మన తోలుకు కాస్త రక్షణ ఉంది. కాస్తేనమ్మా. చిన్నతనంలో తగిలిన దెబ్బను తోలు మర్చిపోదు. ఎప్పుడో నడివయసులో చూపిస్తుంది."

"మరి పిల్లలొస్తే?" అని మేడం అడిగారు.

"రానివ్వకండి."

మర్నాడే యంత్రం ఉన్న గది తలుపు మీద బోర్డు పెట్టించారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ప్రవేశం లేదు. ప్రసాద్ గారు చూసి, "మన దేశంలో దీనికి చట్టమేమీ లేదు కదండీ మేడం?" అన్నారు.

"లేదు సార్. వచ్చేదాకా మనమే పెట్టుకుందాం."

ఆయన నవ్వి ఊరుకున్నారు. అప్పటికి ఆ బోర్డు వల్ల ఆయనకు నష్టం లేదు.

ఆ వేసవిలో శ్రీనగర్ కాలనీ నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్ల పేరు మాధురి. పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. గుడివాడలో ఇల్లు అద్దెకిచ్చి, పిల్లను సినిమాల్లో పెట్టాలని తల్లి హైదరాబాదు వచ్చేసింది. ఇన్నాళ్ళకు ఒక వేషం దొరికింది. సముద్రం ఒడ్డున జాలరి పిల్ల, హీరోకి చెల్లెలు. మాధురి పాలమీగడలా ఉండేది. పుట్టిన దగ్గర్నుంచీ తల్లి సెనగపిండి, పసుపు రాసి రాసి అలా పెంచింది. ఇప్పుడు డైరెక్టరు రంగు తగ్గించుకుని రమ్మన్నాడు. చెమటకు మేకప్ కారిపోతోందని, ఒళ్ళే ఆ రంగులో ఉంటే మంచిదని అన్నాడట.

మేడం తలుపు మీది బోర్డు చూపించారు.

"ఇదేమన్నా పెద్దలకు మాత్రమే అనే సినిమానా అండీ?" అంది తల్లి.

"గంతకంటె పెద్ద ముచ్చటమ్మా. సినిమా చూస్తే మర్చిపోతరు. తోలు మర్చిపోదు."

తర్వాత మేడం తల్లిని వదిలేసి పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. డాక్టరు చెప్పిందంతా ఒక్క మాట వదలకుండా, భయపెట్టకుండా చెప్పారు. మాధురి విని, "వేషం పోతే మా అమ్మ ఏడుస్తుందండీ," అంది. "నీ మేకప్ ఆయనతోని నేను మాట్లాడుత," అన్నారు మేడం. నిజంగానే ఆ సాయంత్రం ఫిల్మ్ నగర్ వెళ్ళి మాట్లాడారు. చెమటకు చెదరని రంగు వేయవచ్చని, కాకపోతే రోజూ గంట ముందు రావాలని ఆయన చెప్పాడు. డైరెక్టరు ఒప్పుకోలేదు.

తల్లి ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆ సినిమాలో ఆయన డబ్బు కూడా ఉందని మాకు అప్పుడే తెలిసింది. మర్నాడు పొద్దున్నే ఆయన తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చారు.

"మేడం, తల్లే ఒప్పుకుంటుంటే మనకెందుకండీ? కానివ్వండి."

మేడం బొడ్లోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "యంత్రం మీది సార్. మీరే స్విచ్చి వెయ్యుండ్రి. నా చేతుల మీద గాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. తాళంచెవి తీసుకుని నా వైపు చాపారు. "నువ్వు వెయ్యమ్మా."

ఆ నెలే నాన్నకు ఆపరేషన్. నేను చెయ్యి చాపకముందే, కాదనకముందే, మేడం మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డారు.

"ఆ పిల్లను నడుమ పెట్టకుండ్రి సార్. ఆమె కొలువు నా కింద. వద్దన్నది నేను. ఏమనాల్నో నన్నే అనుండ్రి."

ప్రసాద్ గారు తాళంచెవి వంక, మాధురి వంక చూశారు. స్విచ్చి వేయడానికి ఆయనకూ మనసొప్పలేదనుకుంటాను. "తర్వాత చూద్దాం," అని కారెక్కి వెళ్ళిపోయారు. తల్లి ఏడుస్తూ శాపనార్థాలు పెట్టింది. గుమ్మం దగ్గర మాధురి వెనక్కి తిరిగి మేడంతో, "మీ వల్లే పోయిందండీ," అంది. మేడం తల ఊపారు. "అవు బిడ్డా, నా వల్లనే," అన్నారు. సమర్థించుకోలేదు.

వేషం బొంబాయి అమ్మాయికి వెళ్ళింది. వానాకాలం మొదలవగానే మేడంను ఇక రావద్దన్నారు. కారణం చెప్పలేదు, ఆవిడ అడగలేదు. బోర్డు కూడా తీసేశారు. ఏడాది తిరక్కుండా యంత్రాన్నీ తీసేశారు. దానికి కారణం మంచితనం కాదు. ట్యూబులు కాలిపోయాయి, కొత్తవాటి ఖరీదు ఎక్కువ, వచ్చేవాళ్ళు తక్కువ. ఆ సంగతి చెబుదామని నేను మేడం ఇంటికి వెళ్ళాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. "ఎందుకు పోతే ఏంది? పోయింది గద," అని ఒక గుప్పెడు నా ముందు పోసి, ఒలవమన్నారు. మాధురి ఏమైందో తెలిస్తే చెప్పమని అడిగారు. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. మేడం పోయి కూడా చాలా ఏళ్ళయింది.

యూసుఫ్‌గూడలో నాకిప్పుడు ఒక చిన్న బ్యూటీ పార్లరు ఉంది. అక్క పెళ్ళి ఉందనో, ఫోటోలు దిగాలనో, తొమ్మిది, పది చదివే పిల్లలు తెల్లబడడానికి బ్లీచ్ చేయమని వస్తారు. తల్లులే తీసుకొస్తారు. చిన్నపిల్లలకు బ్లీచ్ చేయకూడదన్నది నా నియమం. కాదంటే గొడవ పడతారు. మేడం దగ్గర ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, కాదనడం నేర్చుకున్నానని చెప్పను. అది చాలామందికి వచ్చు. గొడవ మొదలయిందని వినపడగానే లోపలి గదిలో పని ఆపి ముందు బల్ల దగ్గరికి వెళతాను. అక్కడ కూర్చునే రేణుక వయసు ఇరవై ఒకటి, ఇంట్లో ఆమె జీతమే ఆధారం. ఆమెను పక్కకు జరగమని, ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. బ్లీచ్ కోసం వచ్చిన పిల్ల కళ్ళలోకి చూసి, వద్దన్నది నేనేనని చెబుతాను.