నానీమా గోడ పక్కన రోడ్డు

నా చిన్నప్పుడు రేపల్లెలో మా వీధికి రోడ్డు వేస్తున్నారంటే పిల్లలందరికీ తిరునాళ్లొచ్చినంత సంబరం. వానొస్తే నల్లమట్టి కాళ్లకు పట్టుకుని వదిలేది కాదు, చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయేవాళ్లం. పైగా రోడ్డు పని చూసే మేస్త్రి మా తాతయ్యే. ఇక నా టెక్కు చూడాలి.

మా ఎదురింట్లో, వీధంతా నానీమా అని పిలిచే ముసలామె ఒక్కతే ఉండేది. రవికలు కుట్టుకుని బతికేది. ఆమెవి మట్టిగోడలు, వీధివైపు గోడ సరిగ్గా రోడ్డు అంచునే ఉండేది. రోలర్ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. "ఆ అదురుకి గోడ పడిపోద్ది అన్నయ్యా, ఈ వయసులో నేనెక్కడికి పోయేది?" అని మా తాతయ్యను అడుగుతుంటే విన్నాను. ఆయన గోడ మొదట్లో గొంతుక్కూర్చుని మట్టి నలిపి చూశాడు. నా ప్రాణమంతా రోలర్ ఎక్కడం మీదే ఉంది.

వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే మా వీధి నల్లమట్టిమీద ఏ రోడ్డూ నిలవదట. అందుకని వీధి పొడుగునా మోకాలి లోతున తవ్వి పారేసి, ఇసుకా ఎర్ర గ్రావెలూ పోశారు. నానీమా ఇంటి ముందు మాత్రం తాతయ్య ఒక్కసారిగా తవ్వనివ్వలేదు. కొంచెం తవ్వించడం, వెంటనే పూడ్పించడం, తర్వాతే పక్కది. నేల గట్టిపడాలని దిమ్మిసతో కొట్టబోతే గోడ పెచ్చులు రాలాయి, అదీ ఆపేశాడు.

ఆ సాయంత్రం మా పిల్లమూకను నానీమా ఇంటి ముందుకు పిలిచి, "రోలర్ ఎక్కాలనుందా? అయితే ఇక్కడ తొక్కండి. నా మడమ దిగని రోజున ఎక్కిస్తా" అన్నాడు. ఇంకేం కావాలి మాకు! ఆయన పల్చగా గ్రావెల్ పరిపించి నీళ్లు చల్లించేవాడు. మేము ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలాట ఆడుతూ తొక్కేవాళ్లం. చివర్లో ఆయనొచ్చి మడమతో నొక్కి, "ఇంకా దిగుతోందర్రా" అనేవాడు. మర్నాడు ఇంకో పొర. నా కాళ్లు బొబ్బలెక్కాయి. ముసలాయన మాతో వెట్టిచాకిరీ చేయిస్తున్నాడని లోపల్లోపలే తిట్టుకున్నాను.

చివరికి మడమ దిగని రోజు వచ్చింది. రోలర్ ఎక్కించాడు కూడా. తీరా అది నానీమా ఇంటికి చాలా ఇవతలే ఆగిపోయింది. కొసదాకా పోవాల్సిందేనని నేను పేచీ పెట్టాను. తాతయ్య నన్ను కిందికి దించి, "ఇది అక్కడిదాకా వస్తే ఆమెకు ఇల్లుండదు తల్లీ. మీ బరువైతే ఆ గోడ ఓర్చుకుంది" అన్నాడు. ఇన్నాళ్లూ మాచేత ఎందుకు తొక్కించాడో అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు.

అంతలో నానీమా చెంబుతో నీళ్లు తెచ్చి నన్ను తన గడప మీద కూర్చోబెట్టింది. కాళ్లకంటిన ఎర్రమట్టి కడిగి, బొబ్బలకు కొబ్బరినూనె రాస్తోంది. నాకు సిగ్గేసింది. "పెద్దదానివి, నా కాళ్లు పట్టుకుంటావేంటి నానీమా?" అని వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు. "నన్ను ఇంట్లో ఉంచిన కాళ్లమ్మా ఇవి" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. ఎక్కడ రోడ్డు తవ్వుతున్నా ముందు చూసేది అంచున ఉన్న ఇల్లు ఎవరిదా అనే. చూసి ఊరుకోను, మిషన్ నడిపే అబ్బాయిని ఆపి ఆ ఇంటి గోడ సంగతి మాట్లాడతాను. ఈ వయసులో వీధిలో పడి గొడవలెందుకని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. నానీమా చేతులు పట్టుకున్న కాళ్లివి, ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటాయా?