ఇది పాట, చప్పుడు కాదు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అనేది. ముక్కు మీద ఉంటే తుడుచుకుని పోదును. నాది నాలుక మీద ఉంటుంది. ఆ సంగతి నేను ఒప్పుకోవడానికి ఒక డప్పు, పదకొండు తెప్పలు, ఒక తెగిన వల కావలసి వచ్చాయి.

అప్పట్లో శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అరసవల్లి వైపు అద్దె గది. ఆదివారం పొద్దున్నే ఆటోలన్నీ సూర్యదేవుడి దర్శనానికి వచ్చేవాళ్లతో నిండి గుడివైపు పోతుంటే, నేను చంకలో రికార్డులు పెట్టుకుని ఎదురు దిక్కున బస్టాండుకి నడిచేదాన్ని. టెక్కలిలో దిగి, షేర్ ఆటో ఎక్కి, ఉప్పు మడుల మధ్య నుంచి సముద్రం దాకా పోవాలి. భావనపాడుకి ఈవల ఒక చిన్న ఊరు. అక్కడి తుఫాను షెల్టరు మేడ మీద రెండు గదుల్లో మా కమ్యూనిటీ రేడియో. చేపలు ఎండబెట్టడం, బాలింతల తిండి, ఊరి ఆడవాళ్ల పాటలు, గాలీ వానా కబుర్లు. ఆదివారం పది నుంచి పదిన్నర వరకు మాత్రం నా రాజ్యం. జీతం లేదు. చర్చి ఎగ్గొట్టి పోతున్నానని అమ్మ పెట్టే తిట్లే నా జీతం.

నా దగ్గర ఉన్నవి రెండు రకాల రికార్డులు. అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. అక్కడ పనిచేసిన ఒక తెల్ల డాక్టరమ్మ సొంత దేశం వెళ్లిపోతూ ట్రంకుపెట్టె నిండా జాజ్ రికార్డులు అమ్మకి ఇచ్చింది. అమ్మ వాటిని క్రిస్మస్‌కి ఒకసారి తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టేసేది. వినడం మొదలుపెట్టింది నేనే. పంక్ మాత్రం నేను సొంతంగా తగిలించుకున్న జబ్బు. విశాఖలో చదివేటప్పుడు, ఓడల మీంచి దిగిన పాత సామాను అమ్మే కొట్లో నాలుగు రికార్డులు దొరికాయి. ఒక గిటారు, ఒక డ్రమ్ము, గొంతు చించుకునే ఒక మనిషి, రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. నా కోపానికి ఎవరో బాణీ కట్టి పెట్టినట్టు ఉండేది.

జాజ్ ఆ ఊరికి తొందరగానే ఒంటబట్టింది. సాక్సోఫోన్ వస్తే చేపలు ఎండేసుకునే ముసలమ్మలు, "మన సన్నాయోడే, కాపోతే జలుబు సేసినాది" అనేవారు. పంక్ పెట్టిన రోజున ఎవడో ఒకడు స్టేషన్‌కి ఫోన్ చేసి, "మేడమ్, మీ ఇంజిను రిపేరొచ్చినాదేటి?" అని అడిగేవాడు. నాకు అదీ ఇష్టంగానే ఉండేది. తిట్టడానికైనా వింటున్నారు కదా.

ఇక డప్పు సంగతి చెప్పాలి. సముద్రం మీద కొంత దూరం పోతే సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు గానీ మా స్టేషన్ అందేది. ప్రతి తెప్పలోనూ ఒక చైనా ఫోను, దాని ఇయర్‌ఫోన్ తీగ వెదురు గెడకి ఎత్తుగా కట్టి ఉండేది, అదే యాంటెనా. ఇంజిను మోతలో మాట వినపడదు, డప్పు వినపడుతుంది. అందుకని పెద్దలు, స్టేషన్ వాళ్లు కలిసి ఒక కట్టు పెట్టుకున్నారు. గాలి కబురు వస్తే స్టేషన్‌లో మాటా పలుకూ లేకుండా, ముందే రికార్డు చేసి ఉంచిన డప్పు ఒక్కటే మోగుతుంది. విన్నవాడు వల లాగి ఒడ్డుకి తిరగాలి. రేడియో అందని తెప్పకి తువ్వాలు ఊపి చూపించాలి. ఎందుకు, ఏమిటి అని ఆగకూడదు. ఆ కట్టు నాకూ తెలుసు. మొదటి వారమే చెప్పారు.

ఆ డప్పు మోగించే పని వదినది. నాకు సొంత వదిన కాదు. నా ఈడుదే, స్టేషన్‌లో గాలీ వానా కబుర్లు చదివేది, మొగుడు వేటకి పోయేవాడు. నేను వదినా అంటే తను ఒలే అనేది.

స్టేషన్ చూసుకునే రిటైర్డు మాస్టారు ఒక ఆదివారం నాతో, "అమ్మా, నువ్వు పాట ముందు చెప్పే ఉపన్యాసం పాట కన్నా పొడుగు ఉంటోందట. కాస్త తగ్గించు" అన్నారు. మంచిగానే అన్నారు. నాకు ఒళ్లు మండింది. సరే, తగ్గించడం ఎందుకు, అసలు నోరే విప్పను అనుకున్నాను. మరుసటి ఆదివారం పదింటికి నా ముందున్న కార్యక్రమం అయిపోయింది. ఒక నిమిషం నిశ్శబ్దం. నమస్కారం కూడా చెప్పకుండా పంక్ రికార్డు మీద ముల్లు దించేశాను. ఆ పాట మొదట్లో ఇంకేమీ ఉండదు, డ్రమ్ములే. అర నిమిషం పైన డ్రమ్ములే. నాకు అదే ఇష్టం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

భుజం మీద దెబ్బ పడితే కళ్లు తెరిచాను. వదిన. "ఆపవే! ఆపు! తిరిగిపోతన్నారు!"

కిటికీలోంచి చూస్తే తెప్పలు ఒక్కొక్కటే ముక్కు ఒడ్డుకి తిప్పుతున్నాయి. వదిన మైకు లాక్కుని "గాలి నేదు, ఏటీ నేదు" అని అరిచింది. ఒకసారి తిరిగాక మాట వినడం కట్టులో లేదు. పదకొండు తెప్పలూ వచ్చేశాయి, సగం వలలతో. చేపలు బాగా పడుతున్న రోజులవి. గంపలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఖాళీ తెప్పల వంకా, మేడ వంకా చూశారు. వదిన మొగుడి వల రాయికి పట్టుకుందట. లాగుతూ కూర్చుంటే ఆలస్యం అవుతుందని కోసేసి వచ్చాడు. అందరికంటే కట్టుకి విలువ ఇచ్చినవాడికే అందరికంటే ఎక్కువ నష్టం.

ఆ సాయంత్రం షెల్టరు కింద స్తంభాల మధ్య పెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిచారు. తప్పయిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అంతమంది మగవాళ్ల ముందు నిలబెట్టారన్న ఉక్రోషంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "డప్పుకీ డ్రమ్ముకీ తేడా తెలియకపోతే నేనేం చేయను?"

వదిన తల దించుకుంది. ఆమె మొగుడు మాత్రం నెమ్మదిగా అన్నాడు. "తేడా ఇనుకుంటా అక్కడ కూకోమంటావేటి, టీచరమ్మా? సప్పుడొస్తే వచ్చెయ్యమని మీరే కదా సెప్పినారు."

అయినా నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. తప్పు నాది అనలేదు. పెద్దాయన ఒకాయన లేచి, ఇక పాటల కార్యక్రమం వద్దని తేల్చేశాడు. ఇంటికి పోయే బస్సులో ఏడ్చాను. నా పాటలు పోయాయని ఏడ్చాను, ఆ మనిషి వల పోయిందని కాదు. ఇప్పుడు ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మరుసటి ఆదివారం, ఆ కోపంలో వదిలేసి వచ్చిన రికార్డులూ, ప్లేయరూ తెచ్చుకోవడానికి వెళ్లాను. ఎండ ఫెళ్లున కాస్తోంది, ఆకు కదలడం లేదు. నేను రికార్డులు పెట్టెలో సర్దుతుంటే మాస్టారికి ఫోన్ వచ్చింది. విని, "ఎంతసేపట్లో?" అని ఒక్క మాట అడిగి పెట్టేశారు. గంటన్నరలో పెద్ద గాలి వస్తుందట. అప్పటికి పదిన్నర.

వదిన డప్పు మోగించింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. తెప్పలు కదల్లేదు. ఒక నిమిషం అయింది. డప్పు ఆగింది. వదిన మళ్లీ మొదలుపెట్టి, తుఫాను సహాయ సామగ్రితో వచ్చిన బైనాక్యులర్ తీసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. చూసి, నాకు ఇచ్చింది. అద్దాల్లో ఒక తెప్పలో ఇద్దరు మనుషులు నింపాదిగా వల వదులుతున్నారు. ఒకడు నవ్వుతున్నాడు కూడా.

"ఆపేసినామన్నా నమ్మనేదు, నీ పాటే అనుకుంటన్నారే" అంది వదిన. తిట్టలేదు. నాన్నా పులి కథ నేను ఎందరు పిల్లలకి చెప్పి ఉంటాను! అందులో పులి వచ్చినప్పుడు అరిచినవాడే పోతాడు. ఇక్కడ అరిచింది నేను, సముద్రం మీద ఉన్నది వాళ్లు.

"నువ్వు చెప్పు, నీ గొంతు వింటారు" అన్నాను వదినతో.

"మొన్న గాలి నేదని అరిసింది నా గొంతే. అప్పుడెవుడిన్నాడు? ఈ రగడ నువ్వెట్టినావు, నువ్వే తియ్యి" అని నన్ను కుర్చీలోకి తోసింది. "ఇంజిన్లు ఆపి వలేసుకుంటన్నారు. మాట ఇనపడతాది. బేగి!"

మైకు ముందు నేను ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేదాన్ని. ఆ రోజు అది ఊడిపోయింది. మా అమ్మ మాట వచ్చింది.

"ఇనండి. నాను పాటలెట్టే టీచరమ్మని. ఇయాల పాట నేదు. నా ప్లేట్లన్నీ పెట్టిలో ఉన్నాయి. పోయిన ఆదోరం తప్పు నాది. సెప్పకుండా ఎట్టినాను. మీరు తిరిగి రావడం తప్పు కాదు, అదే సెయ్యాల. మీకు తేడా తెల్దన్నాను, ఆ మాటా తప్పే. ఇప్పుడు మోగేది మన డప్పు. పెద్ద గాలొస్తన్నాది. మీకు దండం పెడతాను, వచ్చియ్యండి."

మళ్లీ డప్పు. నేను మేడ మెట్లు ఎక్కి పైకప్పు మీదకి పరుగెత్తాను, నా వెనక వదిన. కాసేపు ఏమీ జరగలేదు. తరువాత దగ్గరలో ఉన్న తెప్ప మీద ఒక తువ్వాలు లేచింది. ఆ పక్కన ఇంకొకటి. ఒకటి తిరిగింది, రెండు, నాలుగు. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. పది తిరిగాయి. అన్నిటికన్నా దూరంగా ఉన్న నీలం తెప్ప తిరగలేదు.

"మాదే" అంది వదిన.

దక్షిణం వైపు నీళ్ల మీద ఒక నల్లటి చార కనిపించింది. గాలి ఇంకా మా దాకా రాలేదు. వదిన పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది. ఆ క్షణంలో ఆ మనిషికి ఏమైనా అయితే ఇక నేను ఏ పాటా వినలేను అనుకున్నాను. అంత భయం నేను మళ్లీ పడలేదు.

తిరిగిన తెప్పల్లో ఒకటి మళ్లీ వెనక్కి మళ్లింది. ఒడ్డుకి రావలసింది, నీలం తెప్ప వైపు పోయింది. దాని మీద ఒకడు నిలబడి తువ్వాలు తిప్పుతూనే ఉన్నాడు. అలా ఎంతసేపో తెలియదు. నీలం తెప్ప ముక్కు మెల్లగా ఇటు తిరిగింది. వదిన అక్కడే కూలబడింది.

గాలి వాళ్ల కన్నా కాస్త ముందే వచ్చింది. ఇసుక కళ్లలో కొడుతోంది. చివరి రెండు తెప్పలు కెరటాల దగ్గరకి వచ్చేసరికి ఊరు ఊరంతా మోకాటి లోతు నీళ్లలో ఉంది. తాడు విసిరారు, జారింది, మళ్లీ విసిరారు. నీలం తెప్ప ఒక పక్కకి ఒరిగి, నీళ్లు మింగి, లేచింది. నేను కూడా తాడు పట్టుకున్నాను. అరచేతులు ఒరుసుకుపోయాయి.

అతను ఒడ్డున పడి దగ్గుతున్నాడు. వదిన కొంగుతో అతని మొహం తుడుస్తూ తిడుతోంది, ఏడుస్తోంది. నేను దగ్గరకి వెళ్లాను. నిజం చెప్పాలంటే, మైకులో అంత చెప్పాను కదా, ఇతనూ వినే ఉంటాడు, ఒక ముక్క మెత్తగా అంటాడు అన్న ఆశతోనే వెళ్లాను.

"రేడియోలో చెప్పాను, విన్నారా?" అన్నాను.

"ఏటి రేడియో? ఆ రోజే తీగ ఇప్పేసినాను. పక్కోడు తువ్వాలూపితే వచ్చినాను."

తెప్ప వైపు చూశాను. మిగతా వాటి గెడలకి తీగలు గాలికి కొట్టుకుంటున్నాయి. అతని గెడ బోడిగా ఉంది.

అంటే అదంతా మళ్లీ చెప్పాలి. ఈసారి మైకు లేదు, గది లేదు, మనిషి ఎదురుగా ఉన్నాడు, చుట్టూ ఊరు ఉంది. పోయిన ఆదివారం నన్ను నిలబెట్టిన పెద్దలూ ఉన్నారు. అయినా చెప్పాను. "తప్పు నాది. నీ వల నా వల్ల పోనాది. ఆ రోజు నిన్నన్న మాట ఇంకా తప్పు."

అతను తడి చొక్కా పిండుకుంటూ నా వంక చూశాడు. కోపంగా కాదు. అలసటగా.

"ఆ మాట ఆ రోజే అనుంటే, నాను తీగ ఇప్పేవోణ్ని కాదు కదా, టీచరమ్మా" అన్నాడు.

ఆ తరువాత నెల దాటాక పాటలు మళ్లీ పెట్టుకోమని కబురు వచ్చింది. ఆ మాట పెద్దల దగ్గర తీసింది అతనే అని వదిన చెప్పింది. ఒకటే షరతు, ముందు చెప్పి పెట్టాలి. సాక్సోఫోన్ అయినా సరే, పిల్లనగ్రోవి అయినా సరే, నేను ముల్లు దించే ముందు "ఇది పాట, చప్పుడు కాదు" అనాలి. రెండేళ్లు అన్నాను. షేర్ ఆటో డ్రైవరు కూడా నన్ను చూడగానే "ఇది హారను మేడమ్, సప్పుడు కాదు" అని మోగించేవాడు. నవ్వేదాన్ని, తప్పదు కదా.

కానీ నవ్వని ఆదివారాలు కొన్ని ఉన్నాయి. స్టేషన్‌కి పోగానే ముందు పైకప్పు ఎక్కి బైనాక్యులర్ పట్టుకునేదాన్ని. నీలం తెప్ప గెడ బోడిగానే ఉండేది. నేను వదినని అడగలేదు, ఆమె చెప్పలేదు. డ్రమ్ములు మొదట వచ్చే ఆ రికార్డు మాత్రం పెట్టెలోంచి తీయలేదు, ఎవరూ వద్దనకపోయినా.

ఎండలు ముదిరే వేళకి ఒక ఆదివారం చూస్తే, ఆ గెడ చివర ఏదో మెరిసింది. అద్దాలు తుడిచి మళ్లీ చూశాను. తెల్లటి ఇయర్‌ఫోన్ తీగ, కొత్తది, వల అల్లే దారంతో నాలుగు చోట్ల కట్టి ఉంది. కిందకి దిగి, మైకు ముందు కూర్చున్నాను. పది అయింది. చెప్పవలసిన ఆ నాలుగు ముక్కలు చెప్పకుండా కిటికీలోంచి నీలం తెప్ప వంకే చూస్తూ ఉండిపోయాను. వదిన నా వంక చూసి, మైకు తన వైపు తిప్పుకుని, నా బదులు తనే చెప్పింది.