విన్నీ చేతి తొడుగులు

విన్నీ టోలెఫ్సన్ ఉన్ని తొడుగులు లేకుండా ఏ యంత్రాన్నీ ముట్టుకోదు. అమెరికాలో మంచు కురిసే డులూత్ ఊళ్లో జనవరిలో అందరికీ తొడుగులుంటాయి. విన్నీకి జులైలోనూ ఉంటాయి. అదీ ఒకదానిమీద ఒకటి రెండు జతలు, నాలుగు వేళ్లూ ఒకే సంచిలోకి దూరే రకం.

ఆసుపత్రి పరికరాలను రోగులకు వీలుగా తీర్చడం ఆమె పని. "కుదురైన చేతికి ఏదైనా లొంగుతుంది. వణికే చేతికి లొంగాలి," అంటుంది. అందుకే తొడుగులతో తన వేళ్లని మొద్దు చేసుకుని నొక్కి చూస్తుంది. ఒకసారి ఆ తొడుగులతో లిఫ్టులో నాలుగో అంతస్తు నొక్కబోతే నాలుగూ ఐదూ ఆరూ వెలిగి, అలారం మోగి, మూడు ఫైరింజన్లు వచ్చాయి. నిజానికి వచ్చింది ఒకటే. చెప్పేది రస్టీ కాబట్టి మూడు. బీరు పడితే ఐదు. రెండు కాలేజీలు మధ్యలో వదిలేసి, ఆమె దగ్గర నమూనాలు చెక్కుతున్న రస్టీ, "నన్ను పట్టి ఉంచే కాలేజీ ఇంకా కట్టలేదు," అంటాడు.

ఆ ఏడు వాళ్లు చేస్తున్నది మందుల పెట్టె. వేళకి గంట కొడుతుంది, మీట నొక్కితే ఆ పూట మాత్రలు రాలతాయి. వాడి చూడమని ఆర్విడ్‌ని పిలిచారు. సరుకు ఓడల్లో నలభై ఏళ్లు వంట చేసిన ముసలాయన. ఇప్పుడు చేతులు వణుకుతాయి. మందులు తనంతట తాను వేసుకోగలిగితే సొంతింట్లో ఉంటాడు, లేకపోతే వృద్ధాశ్రమమే అని కూతురు తేల్చేసింది.

ఆర్విడ్ చేతులు కోటు జేబుల్లోంచి తీయలేదు.

"నాకు రాదని రాసేసుకో అమ్మాయ్, పోతాను."

"పరీక్ష మీకు కాదండీ, పెట్టెకి."

"డాక్టర్లూ ఇలాగే తియ్యగా మాట్లాడతారు."

"సరే, ముందు నేను." విన్నీ తొడుగులతో మీట మీద పడింది. పెట్టె బల్ల మీంచి ఎగిరింది. మాత్రలకు బదులు పోసిన పిప్పరమెంట్లు గదంతా దొర్లాయి. ఒకటి రస్టీ కాఫీలో మునిగింది.

ఆర్విడ్ పగలబడి నవ్వాడు. "నా ఓడలో నీకు గరిటె కూడా ఇచ్చేవాణ్ణి కాదు! జరుగు!"

రస్టీ పెట్టెను మళ్లీ నింపేలోగా ఆర్విడ్ చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. వేలు మీట మీద నిలవలేదు. రెండోసారీ జారింది. ఆయన విసుక్కుని, పెట్టెను పొట్టకి ఆనించుకుని, అరచేతి మొదలుతో ఒక్క తోపు తోశాడు. బిళ్ళలు రాలాయి.

"తుఫానులో డబ్బాల మూతలు ఇలాగే తీసేవాళ్లం," అన్నాడు గర్వంగా.

రస్టీ అరచేయంత మీట చెక్కాడు. మరుసటి వారం ఆర్విడ్ కూతురి ఎదుటే మూడుసార్లు నొక్కి, టోపీ పెట్టుకుని, నేరుగా ఇంటికి పోయాడు.

"విన్నీ," అన్నాడు రస్టీ ఆయన వెళ్లాక. "ఆయన మొదటిసారి వచ్చిన రోజు పొద్దున ఇవే తొడుగులతో ఇరవైసార్లు నొక్కావు. ఒక్క బిళ్ళ కింద పడలేదు."

"చూశావా?"

"చూశాను. ఆయన ముందు కావాలనే పడేశావు."

"గదిలో ఒక్కడివే తడబడితే ఎలా ఉంటుందో తెలుసా? నాకూ చేతకాదని తెలిశాకే కదా ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు."

రస్టీ ఆమె తొడుగుల వైపు చూశాడు.

"అయితే ఆ లిఫ్టు సంగతి? అదీ ఎవరికోసమో..."

విన్నీ చెవులు ఎర్రబడ్డాయి.

"అది మాత్రం నిజంగానే నొక్కలేకపోయాను."