గోడ మీద పందొమ్మిది బొట్లు

రామస్వామి తాత లెక్క ప్రకారం, ఎల్బీనగర్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ వర్క్స్‌లో ఆయన ఇరవై రెండేళ్లు లేత్ మిషన్ నడిపాడు. గొప్పలకు తాత ఆదివారం కూడా సెలవివ్వడు కాబట్టి ఇంట్లో ఎవరూ పూర్తిగా నమ్మరు. మూతపడ్డ ఆ షెడ్డును కూల్చేస్తారని తెలియగానే, మనవరాలు సంతోషికి రుజువు చూపిద్దామని వెంటబెట్టుకుని వెళ్లాడు.

మిషన్లు ఎప్పుడో తుక్కు కింద పోయాయి. తాత నేరుగా ఒక గోడ దగ్గర ఆగాడు. ఏటా దసరాకు తన మిషన్‌కు బొట్టు పెట్టి, పక్కన గోడకూ ఎర్ర పెయింటుతో ఒకటి పెట్టేవాడట. సంతోషి వేలు పెట్టి లెక్కపెట్టింది.

“పందొమ్మిదే ఉన్నయ్ తాతా. మిగతా మూడు ఏడికి పోయినయ్?”

తాత శుభ్రంగా ఉన్న కళ్లజోడునే మళ్లీ తుడిచాడు. “మొదటి మూడేండ్లు షెడ్డు ఊడ్చిన బిడ్డా. లేత్ నడిపే టర్నర్‌నని చెప్పి మీ నానమ్మను చేసుకున్న. నువ్వు చెప్పకు.”

“మరి దసరాకు చీపురుకు బొట్టు పెట్టలేదా?”

“పెట్టకుంటెట్ల? పెట్టిన.”

“అయితే అవి గూడ లెక్కే.”

సంతోషి ఇటుక ముక్కతో వరుసకు ముందు మూడు బొట్లు దిద్ది, నానమ్మ కోసం ఫొటో తీయబోయింది. తాత కళ్లజోడు పెట్టుకుని గోడ దగ్గరికి వంగి చూశాడు.

“రెండోది జర కిందికొచ్చింది. సరిజెయ్యి.”