ఎండతో పప్పు వండిన మాస్టారు

గిన్నెడు కందిపప్పు ఉడకబెట్టబోయి, ఊళ్ళో పరువునూ తలదాచుకునే గదినీ ఒకేసారి పోగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పోనీ ఆకలికి తట్టుకోలేక చేశానా అంటే అదీ కాదు, ఆదర్శం కోసం చేశాను. ఆకలితో చేసుంటే ఎవరో ఒకరు జాలిపడేవారు.

ఎనభైల్లో అద్దంకి ఊరికి వచ్చి బళ్ళో సైన్సు మాస్టారుగా చేరాను. పెళ్ళికాని కుర్రాడికి గది ఇవ్వడమంటే పామును పిలిచి పీట వేయడమేనని అక్కడ అందరి నమ్మకం. చెప్పులరిగేలా తిరిగాక, మిర్చి వ్యాపారం చేసే మస్తాన్ గారు తన డాబా మీది గది ఇచ్చారు. "మాస్టారూ, మీ మీద ఒక్క మాట వచ్చినా సాయంత్రానికి ట్రంకుపెట్టె సర్దుకోవాల" అన్నదొక్కటే ఆయన షరతు.

బుద్ధిగా ఉంటే సరిపోయేది. కానీ నాకు ప్రకృతితో కలిసి బతకాలన్న పిచ్చి పట్టింది. కట్టెలు కాలిస్తే చెట్టుకు ద్రోహమనీ, కిరసనాయిల్ కాలిస్తే భూమికి ద్రోహమనీ పిల్లలకు చెప్పీ చెప్పీ, చివరికి నా పాఠం నేనే నమ్మేసి సోలార్ కుక్కర్ కొన్నాను. లోపల నల్లరంగు పూసిన పెట్టె, పైన గాజుపలక, దానిపైన లేచి నిలబడే పెద్ద అద్దం. ఆ అద్దం ఎండను పట్టి పెట్టెలోకి కొడుతుంది. గిన్నె లోపల పెట్టి, గాజుపలక మూసి, కొన్ని గంటలు ఓపిక పడితే పప్పు ఉడుకుతుంది. అన్నీ ఉన్నాయి గాని, ఆ ఓపికే నా దగ్గర లేదు.

పైగా నాకు లోలోపల ఒకటే అనుమానం. ఎండకు పప్పు ఉడకడమేమిటి? అందుకని కాసేపటికోసారి అద్దం పక్కకు వంచి, గాజుపలక ఎత్తి, గింజ నొక్కి చూసేవాణ్ణి. అద్దం వంచినప్పుడల్లా ఆ మెరుపు సూటిగా ఎదురింటి కిటికీలోకి పోయేది. ఆ ఇల్లు వీరరాఘవయ్య గారిది. ఒకరోజు ఆయన కిటికీ దగ్గర నిలబడి నావైపే గుడ్లప్పగించి చూస్తుంటే, సైన్సు మీద ఆసక్తి కాబోలనుకుని హుషారుగా చెయ్యి ఊపాను. ఆయన వెనకాలే ఇంటర్ చదివే కూతురు కూడా నిలబడి ఉందని నాకేం తెలుసు?

ఆ సాయంత్రమే ఆయన మస్తాన్ గారిని వెంటబెట్టుకుని డాబా ఎక్కారు.

"ఏందయ్యా మాస్టరూ! మా కిటికీలోకి మెరుపులు కొడతన్నావు. ఎవరికా సైగలు?"

"సైగలు కాదండీ, పప్పండీ!"

"పప్పుకి అద్దమెందుకయ్యా? బొట్టు పెట్టుకుంటదా?"

"ఎండను పట్టడానికండీ. దానితోనే వండుతాను."

వీరరాఘవయ్య గారు మస్తాన్ గారి వైపు తిరిగారు. "ఈయన వండిన పప్పు నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదు. రోజూ హోటల్ నుంచి క్యారియర్ వస్తది" అన్నారు మస్తాన్ గారు. ఆ క్షణం నుంచి ఆయన కూడా నన్ను దొంగను చూసినట్టు చూడటం మొదలుపెట్టారు.

చివరికి ఇద్దరూ కలిసి తీర్పు చెప్పారు. ఆదివారం వాళ్ళ ఎదుటే వండాలి. ఉడికితే నేను మర్యాదస్తుణ్ణి, ఉడక్కపోతే సాయంత్రానికి గది ఖాళీ.

ఆదివారం పొద్దున్నే పప్పు ఎక్కించాను. డాబా నిండా ఎండుమిరపకాయలు. ఇద్దరు పెద్దమనుషులూ గది నీడన మంచమేసుకుని, తుమ్ముకుంటూ కాపలా కాశారు. నేను ఉండబట్టలేక గాజుపలక ఎత్తాను.

"మళ్ళీ ఏంది?"

"ఉడుకుతుందో లేదోనని..."

మూశాను. మనసొప్పలేదు. మళ్ళీ ఎత్తాను. ఎత్తినప్పుడల్లా లోపలి వేడంతా సెలవు తీసుకుని వెళ్ళిపోతోందని పాఠాలు చెప్పే నాకు తట్టలేదు. అద్దం కదిలినప్పుడల్లా వీరరాఘవయ్య గారు ఉలిక్కిపడి తన కిటికీకేసి చూసుకున్నారు. కిటికీ తలుపులు బిడాయించే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక గిన్నె బయటికి తీశాం. మస్తాన్ గారు ఓ గింజ నోట్లో వేసుకుని దవడ పట్టుకున్నారు.

"పొద్దుట్నుంచి ఎన్నిసార్లు తెరిచారు మాస్టారూ?"

"అనుమానం వచ్చినప్పుడల్లా అండీ."

"ఎన్నిసార్లొచ్చింది?"

"అసలు పోతేగా అండీ, మళ్ళీ రావడానికి!"

ఇంక చెప్పేదేముంది? నిజంగా ఏడుపొచ్చింది. ఈ ఊళ్ళో నాకు మరో గది ఎవరిస్తారు? లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాను. అంతలో బయట పెద్ద నవ్వు. నవ్వేది వీరరాఘవయ్య గారు!

"మస్తానూ, మాస్టర్ని పంపించమాక. నా అనుమానం తీరిపోయింది."

"పప్పు ఉడకలేదు కదా?"

"అందుకే చెబుతున్నా! గిన్నెడు పప్పు ఉడికేదాకా ఆగలేనోడు, ఆడపిల్ల మనసు కరిగేదాకా ఆగుతాడా? ఈయన వల్ల మన వీధికి ఏ భయమూ లేదు. నిశ్చింతగా ఉండనీ!"

గది దక్కింది. మగతనం సంగతి మాత్రం అడక్కండి. ఆ పప్పును చివరికి మస్తాన్ గారింట్లో కిరసనాయిల్ స్టవ్ మీద ఉడికించుకుని ముగ్గురం తిన్నాం.

చెయ్యి కడుక్కుని డాబా ఎక్కి, నడినెత్తి దాటిన సూర్యుడికి దణ్ణం పెట్టి ఘోరప్రతిజ్ఞ చేశాను: "స్వామీ, ఇకమీదట లోకంలో ఎవరినైనా అనుమానిస్తాను గాని, నిన్ను మాత్రం అనుమానించను. ఎక్కించిన గిన్నె జోలికి పోను. ఈ మాట తప్పితే, వచ్చే జన్మలో కందిపప్పు గింజనై పుట్టి నాలాంటి మాస్టారి చేతిలోనే పడుదును గాక!"