గ్రైండరుకు చుట్టిన చీర

ఆ రోజుల్లో అంటే మరీ ఎడ్లబండ్ల కాలం అనుకునేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్న రోజులే. నా చేతిలో ఫోనుతోపాటు అప్పుడే వచ్చిన డిగ్రీ కూడా ఉండేది, ఆ డిగ్రీలో పర్యావరణం అని ఒక పేపరు ఉండేది, ఆ పేపర్లో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఇరవై రెండేళ్ళ మనిషి దగ్గర ఇంతకంటే ప్రమాదకరమైన సరంజామా ఇంకొకటి ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది. భూగోళం మొత్తాన్నీ నేనే మోస్తున్నట్టు నడిచేదాన్ని. నరసరావుపేట బజార్లో ఆ నడక చూసినవాళ్ళు పాపం ఈ పిల్లకి అప్పుడే నడుం నొప్పేమో అనుకున్నారట (ఈ సంగతి మా అమ్మ చానాళ్ళకి చెప్పింది).

ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఎందుకని అమ్మ నన్ను మామయ్య కొట్లో కూర్చోబెట్టింది. మామయ్యది ఇళ్ళు మార్చే వ్యాపారం. ఒక మినీ వ్యాను, కొన్ని మోకులు, 'బీరువా బాబాయి' అని ఊరంతా పిలిచే ఒక మనిషి, ఇదీ మా సంస్థ. బీరువా బాబాయి ఇనప బీరువాని వీపున వేసుకుని మేడ దిగుతూ పక్కింటివాళ్ళని కుశలం అడిగేవాడు. సామాను మార్చడమే కాదు, పాత ఇల్లు ఖాళీ చేసి అప్పగించడం కూడా మా పనే. చిరిగిన పరుపులు, విరిగిన బకెట్లు, థర్మోకోలు ముక్కలు, సామానుకి చుట్టిన బుడగల కవర్లు, అన్నీ వ్యానులో వేసుకుపోయి కాలవ గట్టున కుప్పపోసి అగ్గిపుల్ల గీసేవాళ్ళు. ఆ నల్లటి పొగ మొదటిసారి చూసిన రోజు నేను అన్నం ముట్టలేదు. "ఏమే, ఎవరన్నా పోయారా?" అని మామయ్య కంగారుపడ్డాడు. "భూమి పోతోంది మామయ్యా" అన్నాను. "అట్నా. అన్నం తిన్నాక పోనీయ్" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? రోజూ పోరి పోరి కాలవ గట్టు మంట మాన్పించాను. పాత కాగితాలు కాగితాలవాడికి, విరిగిన ప్లాస్టిక్ పాత సామాన్లవాడికి, పరుపుల్లో దూది పరుపులు కుట్టే ఆయనకి, కుంటి మంచాలు ఎవరికి కావాలంటే వాళ్ళకి. ఇంతవరకు బాగానే నడిచింది. తర్వాత బుడగల కవర్ల మీద పడ్డాను. అవి లేకుండా సామాను ఎట్టా కడతావని మామయ్య అడిగితే, మిరపకాయల సంచులతో అన్నాను. పల్నాడులో గోనెసంచికి కరువా? ఒక బ్యాంకు ఉద్యోగి ఇల్లు మారుతుంటే ఆయన దిళ్ళూ దుప్పట్లూ, పిల్లల బట్టలూ అన్నీ ఆ సంచుల్లో కుక్కించాను. సంచులు దులిపించాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టుకొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో అనబోయి తుమ్మాడు. మళ్ళీ అనబోయి మళ్ళీ తుమ్మాడు. చివరికి ఏమీ అనకుండానే చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన ఏమనాలనుకున్నాడో మాకు బాగానే అర్థమైంది.

సరిగ్గా ఆ సమయంలో సత్తెనపల్లి ఇల్లు వచ్చింది. నరసరావుపేటలో అద్దెకుండే ఒక కుటుంబం సత్తెనపల్లిలో సొంతిల్లు కట్టుకుంది. వాళ్ళకి అటు మాచర్ల నుంచి ఇటు బెల్లంకొండ దాకా బంధువులే. "వాళ్ళ నోట మంచిమాట వస్తే ఆ దిక్కంతా మనదే. చెడ్డమాట వచ్చినా ఆ దిక్కంతా పోయిద్ది" అన్నాడు మామయ్య. నేను ఈ ఒక్క ఇల్లూ నా పద్ధతిలో కట్టనివ్వమని బతిమాలాను. చాలాసేపు తల గోక్కుని ఒప్పుకున్నాడు. "ఈసారి తేడా వచ్చిందంటే మళ్ళీ బుడగల కవరే. నువ్వు పోయి మీ అమ్మ దగ్గర కూర్చో. పర్యావరణం అనే మాట నా కొట్లో ఇనపడకూడదు."

ఆ ఇంటావిడ నెమ్మదస్తురాలు. గొంతు పెంచదు, ముఖంలో ఏమీ కనపడనివ్వదు. ఆవిడని హాల్లో నిలబెట్టి ప్లాస్టిక్ మట్టిలో కలవడానికి ఎంతకాలం పడుతుందో చెప్పడం మొదలుపెట్టాను. పొయ్యి మీద పాలున్నాయని మధ్యలోనే ఆపించింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?" అంది. "కట్టుకోని చీరలేమన్నా ఉంటే ఇవ్వండక్కా, వాటితోనే సామాను చుడతాం. అక్కడ విప్పి మడతపెట్టి ఇచ్చేస్తాం" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, మంచం కింది ట్రంకుపెట్టె చూపించింది. "అందులోయి అన్నీ తీసుకో. ఒక్కటి కూడా కట్టను."

మూత తీస్తే నా కళ్ళు మెరిశాయి. మడత విప్పని చీరలు, మెత్తగా, జారుతూ, రంగురంగులవి. ఇంత మంచి చీరలు ఎందుకు కట్టుకోదో అన్న ఆలోచన నాకు రాలేదు (డిగ్రీలో ఆ పేపరు లేదు). గ్రైండరుకి మామిడిపండు రంగు చీర, టీవీకి చిలకపచ్చ చీర, మిక్సీకి, ఫ్యానులకి, అద్దాలకి తలొకటి. గాజుసామాను మాత్రం గంపల్లో వరిగడ్డి పరిచి సర్దాను. వ్యాను పూర్తిగా నిండాక చూస్తే పేరంటానికి బయల్దేరిన ఆడవాళ్ళ గుంపులా ఉంది. బీరువా బాబాయి గ్రైండరు ఎత్తుకుంటూ "లెగమ్మా, జాగర్త" అన్నాడు.

మర్నాడు ఇంటివాళ్ళు గృహప్రవేశానికి ముందే వెళ్ళిపోయారు, మేం వెనక వ్యానులో వస్తూ దారిలో టీ కోసం ఆగాం. మేం టీ తాగుతుంటే ఒక గేదె వ్యాను వెనక్కి వచ్చి గంపలోని గడ్డి లాగింది. దాని వెనకే ఇంకోటి. బీరువా బాబాయి గ్లాసు పడేసి పరిగెత్తేసరికి సగం గడ్డి లేదు, గాజుగ్లాసులు మాత్రం ఒక్కటీ పగల్లేదు. "చూశావా మామయ్యా, చెత్త కూడా మిగల్లేదు" అన్నాను గర్వంగా. మామయ్య గేదె వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

మేం చేరేసరికి గృహప్రవేశం అయిపోయింది, భోజనాలూ అయిపోయాయి. మగవాళ్ళు షామియానా కింద కునుకు తీస్తున్నారు. ఆడవాళ్ళంతా కొత్త హాల్లో చల్లటి బండల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. సామాను రాగానే సాయం చేద్దామని లేచారు. నేను వద్దనకముందే ఆ ఇంటావిడ అత్తగారు (రొంపిచర్ల నుంచి వచ్చిన పెద్దావిడ, ఆవిడ దగ్గితే కొడుకులు నిలబడతారు) గ్రైండరు దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. కొంగు పట్టుకుని చూసింది. అంచు తిప్పి చూసింది.

"ఇది నేను పెట్టిన చీర గదంటే!"

కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నీ సీమంతానికి నా చేతుల్తో పెట్టిన చీర. కోడలు కట్టుకుంటే చూద్దామని ఎన్నాళ్ళు ఎదురుచూశా! గ్రైండరుకి కట్టిందా? నాకంటే గ్రైండరు ఎక్కువైందా నీకు?"

నా వల్ల ఒక కాపురంలో నిప్పు రాజుకుందని అర్థమై, ఆర్పుదామని ముందుకొచ్చాను. ఆ వయసులో నా దగ్గర ఉన్న నీళ్ళు ఆ ఒక్క పేపరే. "తప్పు అక్కది కాదండీ, నేనే చుట్టాను. పర్యావరణానికి మంచిదని..."

"ఎవరికి?"

"పర్యావరణానికండీ."

"దానికంత మంచి కావాలంటే మీ అమ్మ చీరలు చుట్టుకోపో!"

మామయ్య చప్పుడు చేయకుండా వ్యాను వైపు నడవడం కంటి కొసన కనిపించింది. బీరువా బాబాయి వీపున ఫ్రిజ్జు ఉండటంతో ఎటూ పోలేక అక్కడే నిలబడిపోయాడు. ఈలోగా మాచర్ల ఆడపడుచు, తల్లికి బలంగా ఉందామని కాబోలు, టీవీ మీది చిలకపచ్చ చీర లాగింది. "అమ్మా, ఇదిగో, నేను పెట్టింది కూడా! వదినా, ఇదేంది వదినా? నీకోసం కొట్లన్నీ తిరిగి కొన్నా గదా నేను!"

అప్పుడు గోడకానుకుని కూర్చున్న బెల్లంకొండ పిన్ని, అంటే ఆ అత్తగారి చెల్లెలు, కళ్ళజోడు పెట్టుకుంది. "ఆగవే, ఇట్టా తే." చీర కొస తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడ కొన్నావే ఇది?"

"గుంటూర్లో పిన్నీ."

"గుంటూర్లోనా? ఇది నేను మీ పిల్ల ఓణీల ఫంక్షన్‌కి నీకు పెట్టిన చీరే. ఇదిగో మూలన సిరా మరక. మరకుందని కొట్టాయన సగానికే ఇచ్చాడు."

చివరి మాట నోరు దాటాక గానీ తనేం ఒప్పుకుందో ఆవిడకి తెలియలేదు. ఆడపడుచు మరక వంక చూసింది, పిన్ని పైకప్పు వంక చూసింది. ఎవరో మూలన కిసుక్కుమన్నారు. అత్తగారు ఆ నవ్వుని కళ్ళతోనే నొక్కేసి, "దానికి మతిమరుపులే. దాని సంగతి వదిలెయ్. నా చీర సంగతేంది?" అంది.

పిన్ని పరువు అప్పటికే పోయింది కాబట్టి ఇక భయపడటానికేమీ లేదు. లేచి వెళ్ళి గ్రైండరుకున్న చీర కూడా పట్టుకుంది. "అక్కా, నీ చీర సంగతి నన్ను అడగమాక. బావగారి షష్టిపూర్తికి నీ కోడలు నీకు పెట్టిన చీర ఇది. నేను పక్కనే ఉన్నా. మామిడిపండు రంగు నాకు నప్పదే అని నువ్వే నాతో అన్నావు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దావిడ చెయ్యి కొంగు మీదే ఉండిపోయింది. కోడలి వైపు తిరిగి, అంతకుముందు లేని గొంతుతో అడిగింది.

"నీకు తెలుసా?"

"కొన్నది నేనే గదత్తయ్యా" అంది ఆవిడ, ఎప్పటిలాగే నెమ్మదిగా. "పెట్టినప్పుడే తెలుసు."

"మరి అప్పుడే అనకపోయావా?"

"నలుగుర్లో ఏమంటాను? ప్రేమగానే పెట్టారు గదా. మర్చిపోయి పెట్టారు, అంతేగా."

ఆ 'అంతేగా'లో ఏముందో నేను ఇప్పటికీ చెప్పలేను. పెద్దావిడ గ్రైండరు వంక చూసింది. మామిడిపండు రంగు చీరలో, పైన ముడితో, అది నిజంగానే ముసుగేసుకున్న కొత్తపెళ్ళికూతురులా ఉంది. ఆవిడ మూతి కొస కదిలింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. "నాకూ నప్పలా, నీకూ నప్పలా" అంది. "దీనికి మాత్రం బాగా నప్పిందే!"

ఇక ఆ హాల్లో పుట్టిన నవ్వుకి షామియానా కింద మగవాళ్ళు లేచి పరిగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అందరూ మిగతా చీరలు విప్పుతూ, ఇది నాది, కాదు నీది, ఇది మా పిన్నమామగారి కర్మలకి పెట్టింది అని కేకలు. పెద్దావిడ గోడకి జారిగిలబడి కళ్ళు తుడుచుకుంటూ కోడల్ని పక్కన కూర్చోమని నేల మీద చేత్తో తట్టింది. కోడలు కూర్చుంది. ఆ నెమ్మదస్తురాలు పళ్ళు కనపడేలా నవ్వడం నేను అప్పుడే చూశాను. ట్రంకుపెట్టె చూపించిన రోజున ఆవిడ ఏమీ ఎరగకే చూపించిందా అన్న అనుమానం నాకు తిరిగొచ్చేటప్పుడు వ్యానులో వచ్చింది. మామయ్యకి చెబితే, "నోర్మూసుకుని కూర్చో. బతికి బయటపడ్డాం" అన్నాడు. బీరువా బాబాయి మాత్రం ఊరొచ్చేదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

మామయ్య అనుకున్నట్టే ఆ దిక్కంతా మాట పాకింది. "చీరలు చుట్టేది మీరేనా?" అని ఫోన్లు మొదలయ్యాయి. పనులు వచ్చాయి గానీ, మేం వెళ్ళేసరికి ప్రతి ఇంట్లోనూ ట్రంకుపెట్టెకి తాళం ఉండేది. దాంతో పాత దుప్పట్లు కొని బొంతలు కుట్టించాం. ఇప్పటికీ మామయ్య వ్యానులో అవే తిరుగుతున్నాయి. వాటిని ఎవరూ ఎవరికీ పెట్టి ఉండరు కాబట్టి ఇబ్బంది లేదు.

నేను తర్వాత వేరే ఉద్యోగంలోకి, వేరే ఊరికి వెళ్ళిపోయాను. పర్యావరణం గురించి ఇప్పుడు అప్పటికంటే ఎక్కువే తెలుసు, మాట్లాడటం మాత్రం తగ్గిపోయింది. ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది. అంతమంది పెద్దవాళ్ళ మధ్య, చేతిలో విప్పిన మోకుతో, చెమటలు కక్కుతూ, తన మాట ఎవరూ పూర్తిగా వినలేదే అని బిక్కమొహం వేసుకుని నిలబడిన పిల్ల. ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని, "ఊఁ, ప్లాస్టిక్ మట్టిలో కలవడానికి ఎంతకాలం పడుతుందన్నావ్?" అని అడగాలనిపిస్తుంది.